తవిటమ్మ గిల్లిన గోబీ మొగ్గలు

ఇంటిల్లిపాదికీ రుచిగా ఏం వండాలో పుస్తకాల్లో రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల లెక్కలో ఇంటిల్లిపాదికీ ఒకటే నోరు కాబోలు. తవిటమ్మ ఇంట్లో నలుగురు మనుషులు, నలుగురివీ నాలుగు నోళ్లు. అత్తకి పళ్లు లేవు. కూతురికి రొట్టె తప్ప అన్నం సయించదు. మొగుడు జ్వరాన పడ్డాక ఏది పెట్టినా చేదంటాడు. నాలుగో నోరు తవిటమ్మది. దానికేం కావాలో ఎవరూ అడగలేదు. అడగాలని ఆవిడకీ తోచలేదు.

ఎనభైల్లో జంషెడ్‌పూర్ పక్క ఆదిత్యపూర్‌లో తవిటమ్మ మా పక్కవాటాలో ఉండేది. వీధి కొళాయి కింద బిందె పెట్టి, నీళ్లు దారంలా పడుతుంటే, గట్టు మీద కూర్చుని ఈ సంగతంతా నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఒక కునుకు కూడా తీసేది. బిందె నిండి పొర్లితే నేనే లేపేదాన్ని. ఆ ముక్కల్ని వరసలో పెట్టి రాస్తున్నాను, అంతే.

అంతకు ముందు డెబ్భైల్లో వాళ్లు జంషెడ్‌పూర్‌లో ఆఫీసర్ల బంగళాలున్న వైపు, ఒక బంగళా పెరట్లోని ఔట్‌హౌస్ గదిలో ఉండేవాళ్లు. ఆమె మొగుడు అసిరయ్య ఆ బంగళాకి మాలీ, అంటే తోటపనివాడు. మాలీ పని ఉన్నన్నాళ్లే గది. పని పోతే గది కూడా పోతుంది. రాజాం అవతలి పల్లె నుంచి వచ్చి, సాక్చీ బజారు వెనక సందుల్లో ఒకే గదిలో రెండు కుటుంబాలు నడుమ చీర కట్టుకుని బతికిన మనుషులు వాళ్లు. ఇక్కడ సిమెంటు నేల ఉంది, బల్బు ఉంది, తలుపు వేసుకుంటే గడియ పడుతుంది. గౌరి బడికి నడిచి వెళ్లొచ్చు. ఆ గది పోతే మళ్లీ ఆ సందుల్లోకే వెళ్లాలని తవిటమ్మకి రోజూ గుర్తుండేది. అందుకని ఇంట్లో అందరిదీ ఒకటే జపం, బంగళా మేమ్‌సాబ్‌కి కోపం రాకూడదు.

అసిరయ్య మంచివాడే. తాగడు, కొట్టడు. కాని మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టుండేవాడు. పొద్దున్నే తోటలోకి పోతాడు, చీకటి పడ్డాక వచ్చి కాళ్లు కడుక్కుంటాడు. ఈ రోజు ఏం నాటావనీ, ఏం పూసిందనీ తవిటమ్మ అడగదు, అతను చెప్పడు. అడగడానికి ఆవిడకి ఓపికేదీ? తెల్లారకుండా బొగ్గుపొయ్యి రాజేసి, వంట చేసి, రెండు బంగళాల్లో అంట్లు తోమి, మధ్యాహ్నం వచ్చి అత్త నూకాలమ్మకి నీళ్లు పోసి, మళ్లీ అంట్లకి పోయి, మళ్లీ పొయ్యి. అతను ఇంత తిని లేచేవాడు. బాగుందని అనడు, బాగులేదనీ అనడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో జరిగిన సంభాషణంతా ఒక పోస్టుకార్డు మీద పడుతుంది.

ఆ ఏడు చలికాలం ముందు మేమ్‌సాబ్ డార్జిలింగ్ వైపు నుంచి విత్తనాలు తెప్పించింది. బ్రసెల్స్ స్ప్రౌట్స్. అదొక రకం గోబీ, మన క్యాబేజీ జాతి. మామూలు క్యాబేజీకి మొక్క నెత్తిన ఒక పెద్ద గడ్డ కడుతుంది కదా, దీనికలా కట్టదు. కాడ నిటారుగా పెరుగుతుంది, ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో చిట్టి గోబీ, పెద్ద ఉసిరికాయంత, కాడ పొడుగునా కడుతుంది. వాటినే కోసి వండుకుంటారు. బడాదినానికి, అంటే క్రిస్మస్‌కి, కలకత్తా నుంచి చుట్టాలు వస్తారనీ, ఆ రోజు బల్ల మీద ఈ కూర ఉండాలనీ మేమ్‌సాబ్ పట్టుదల. ఇదంతా అసిరయ్యకి చెప్పింది. అసిరయ్య ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

డిసెంబర్ మొదట్లో అతనికి మలేరియా వచ్చింది. రోజు విడిచి రోజు వణుకు, ఉన్న బొంతలన్నీ కప్పినా ఆగదు. మాత్రలు వేస్తే నోరంతా చేదు. మేమ్‌సాబ్ వచ్చి గుమ్మంలోంచే చూసి, అతను లేచేవరకూ తోట నువ్వు చూసుకో అని తవిటమ్మకి చెప్పి, తను కలకత్తా వెళ్లింది. చుట్టాల్ని తీసుకుని బడాదినం ముందు వస్తుందట. బంగళా వంటవాడు తన బావమరిదిని మాలీగా పెట్టించాలని ఎప్పటి నుంచో చూస్తున్నాడు. కాబట్టి తోటలో ఒక్క ఆకు వాడిపోకూడదు. తవిటమ్మ అంట్ల పని ముందే ముగించుకుని, మిగిలిన పొద్దంతా తోటలో పడింది.

బొంతల్లోంచి అసిరయ్య ఒక మాట అన్నాడు. అతని మట్టుకు అది ఉపన్యాసం.

"ఎనక మడిలో గోబీ మీద మేమ్‌సాబ్ పేనాలెట్టుకున్నాది. జాగర్తగా సూడు."

తవిటమ్మ జాగ్రత్తగానే చూసింది. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. మొక్కలు నడుమెత్తు లేచాయి గాని, నెత్తిన గడ్డ ఎక్కడా కట్టలేదు. ఆకులు విచ్చుకుని ఉన్నాయి. చూస్తే ఆకు ఆకుకీ పక్కన ఒక మొగ్గ.

తవిటమ్మ పుట్టిల్లు పొగాకు తోటలవాళ్లది. పొగాకు మొక్కకి ఆకు మొదట్లో పక్క పిలక లేస్తే వెంటనే గిల్లేయాలి. లేకపోతే అది తల్లి బలం తాగేస్తుంది, ఆకు పలచబడిపోతుంది. చిన్నప్పుడు పిలకలన్నీ గిల్లి రానిదే తండ్రి అంబలి తాగనిచ్చేవాడు కాదు. జిగురుతో వేళ్లు నల్లబడి, ఆ చేత్తో ముద్ద తింటే చేదు. అలా పెరిగిన మనిషికి ఈ మొక్కని చూడగానే ఏమనిపించాలి? జ్వరం వచ్చి మొగుడు పిలకలు గిల్లలేదు, అందుకే గోబీ కట్టలేదు, మేమ్‌సాబ్ వచ్చి చూస్తే పని పోతుంది అనిపించింది.

అయినా తన మాట మీద తనకి నమ్మకం లేక, నూకాలమ్మని చెయ్యి పట్టుకుని మడి దాకా నడిపించింది. ఆ ముసలమ్మా పొగాకు సీమదే. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ, వంగి మొక్కని చూసింది.

"గిల్లీయే. ఎప్పుడో గిల్లాల. ఇన్ని పిలకలుంటే గడ్డేటి కడతాది?"

"కడతాదంతావా అత్తా?"

"గిల్లి సూడు. పది రోజుల్లో బిందంత అవుద్ది."

తవిటమ్మ గిల్లింది. ఒక్కటి కూడా వదలకుండా, కాడకి గాటు పడకుండా, మొదటి నుంచి చివరి దాకా అన్ని మొక్కలకీ గిల్లింది. మధ్యాహ్నానికి నడుము పట్టేసింది. గంప నిండింది. బోడి కాడలు వరసగా నిలబడి ఉంటే చూసి, మొగుడి పని మొగుడి కంటే బాగా చేశానని మురిసిపోయింది పిచ్చిది. మేమ్‌సాబ్ చుట్టాల కోసం పెంచిన పంటంతా తన గంపలోనే ఉందని దానికి తెలీదు.

గంపెడు మొగ్గలు పారేయడానికి చేతులు రావు కదా. గోబీ జాతే, కూరకి పనికిరాదా అనుకుంది. ఆ పూట దాకలో నీళ్లు పోసి, పసుపు, ఉప్పు వేసి, మొగ్గల్ని కాయపళంగా పడేసి, మూత పెట్టి, మెత్తబడేదాకా ఉడకబెట్టింది. క్యాబేజీని మనం అలాగే చేస్తాం కదా, ఉడకబెట్టి, వార్చి, పిండి, పోపు వేస్తాం. వీటికి ఆ మర్యాద సరిపడదు. ఎంత ఉడికితే అంత చేదు, ఎంత మూత పెడితే అంత కంపు. మూత తీసేసరికి గదంతా మురుగ్గుంట వాసన.

బడి నుంచి వచ్చిన గౌరి గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. తల్లి తెలుగులో ఏమన్నా ఆ పిల్ల హిందీలోనే బదులిచ్చేది.

"మా, యే క్యా సడ్ గయా?" అంది, ఏం కుళ్లిపోయిందని.

"సడనూ నేదు, గిడనూ నేదు. తిను."

తినలేదు. నూకాలమ్మ ఒకటి నోట్లో వేసుకుని చిగుళ్లతో చప్పరించి, పక్కకి ఊసేసింది. అసిరయ్య కళ్లయినా తెరవకుండా వాసనకే గోడవైపు తిరిగి పడుకున్నాడు. తవిటమ్మ దాక ముందర అలాగే కూర్చుండిపోయింది. ఆ రోజు ఎంత అలసిపోయిందంటే, ఏడవాలనిపించినా ఏడవలేదట.

"ఏడిత్తే మళ్లీ మొకం కడుక్కోవాలి సెల్లీ," అంది నాతో.

మర్నాడు అంట్లు తోముతూ ఆలోచించింది. చేదైన కాకరకాయనే మనం దారికి తెచ్చుకున్నాం, ఈ ఉసిరికాయంత గోబీ ఎంత? సాయంత్రం వచ్చి, మొగ్గల అడుగు ముదురు కాస్త తీసి, నిలువునా రెండు బద్దలు కోసింది. ఇనప మూకుడులో నూనె బాగా కాగాక, కోసిన వైపు కిందికి వచ్చేట్టు ఒక్కొక్కటే బోర్లించింది. మూత పెట్టలేదు, గరిటె పెట్టలేదు, అలాగే వదిలేసింది. కాసేపటికి కమ్మటి వాసన వచ్చింది, వేగిన వేరుశనక్కాయల వాసన లాంటిది. అడుగు ఎర్రబడ్డాక ఒక్కసారి తిరగేసి, చివర్న ఉప్పు, దంచిన వెల్లుల్లి కారం వేసి దింపింది. ఇందులో కిటుకంతా అంతే. గట్టి మంట మీద త్వరగా వేగాలి, నీళ్లు తగలకూడదు.

గౌరి రొట్టెలో పెట్టుకుని ఒకటి కొరికింది. మళ్లీ కొరికింది.

"ఔర్ హై?" అంది.

మరి కాస్త ఉందా అని ఆ పిల్ల పళ్లెం ముందు అడగడం తవిటమ్మ అంతకు ముందు వినలేదు.

అయితే పళ్లు లేని అత్తకి వేగిన బద్దలు గట్టి. ఆవిడకి వేరే చేయాలి. అవే బద్దల్ని వేయించాక కాస్త చింతపండు పులుసు చిలకరించి, మగ్గాక దింపేసి, నూరిన ఆవ, ఎండుమిర్చి ముద్ద కలిపింది. ఆవ కలిపాక పొయ్యి మీద పెట్టకూడదు, చేదెక్కుతుంది. మా వైపు అరటిదూటకి, పనసపొట్టుకి ఆవ పెట్టినట్టే. నూకాలమ్మ ఆ ఘాటుకి కళ్లు తుడుచుకుంటూ తిని, ఏమీ అనకుండా పళ్లెం మళ్లీ ముందుకి తోసింది. ఆ ముసలమ్మ దగ్గర అంతకంటే మెప్పు ఉండదు. అది వణుకు వచ్చే రోజు కాబట్టి అసిరయ్య గుక్కెడు గంజి తాగి పడుకున్నాడు, ఈ వంటలేవీ చూడలేదు.

మూడోనాడు అతనికి జ్వరం దిగింది. దిగినా మెతుకు ముట్టడు. అంతా చేదే అంటాడు. కళ్లు లోపలికి పోయాయి, గడ్డం పెరిగింది. ఈ మనిషి తిని లేచి తోటలోకి పోకపోతే మాలీ పని వంటవాడి బావమరిదికి పోతుంది. తవిటమ్మ సాక్చీ నడిచి వెళ్లి, ఎండుచేపలమ్మే మనవైపు ఆవిడ దగ్గర చారెడు రొయ్యపప్పు తెచ్చింది. దాన్ని వేయించి, కడిగి, ఉల్లిపాయలు ఎర్రగా వేగాక వేసి, వేయించిన గోబీ బద్దలు కలిపి, పలచగా చింతపండు పులుసు, చిన్న బెల్లం ముక్క వేసి దగ్గరికి రానిచ్చింది. వేడన్నంలో కలిపి పెట్టింది.

అసిరయ్య మొదటి ముద్ద అయిష్టంగా తిన్నాడు. రెండోది మామూలుగా తిన్నాడు. మూడో ముద్దకి ఆగి, పళ్లెంలోంచి ఒక బద్ద తీసి వెలుతురులో పట్టుకు చూశాడు. పొర మీద పొర, ఆకు మీద ఆకు. పొద్దూ మాపూ కళ్లలో పెట్టుకుని పెంచినవాడికి పోలిక తెలీకుండా ఉంటుందా?

"ఇయెక్కడియి?"

తవిటమ్మ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉంది.

"నీ గోబీ మొక్కలయ్యే మావా! పక్క పిలకలన్నీ గిల్లీసినాను. నువ్వు జొరంలో ఉండి గిల్లనేదు గదా. ఇంక సూడు, గడ్డ ఎలగ కడతాదో."

అతను బద్దని పళ్లెంలో పెట్టేశాడు. ఆమె ముఖంలోకి చూశాడు. పొయ్యి పొగకి ఎర్రబడిన కళ్లు, అలసటకి రాలిపోతున్న మనిషి, ఆ ముఖం మీద గర్వం. అతను పళ్లెం ముందుకి జరిపాడు.

"ఇంకొంచెం ఎయ్యి," అన్నాడు.

మొత్తం తిన్నాడు. పళ్లెం తుడిచినట్టు తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, అప్పుడు చెప్పాడు. ఆ మొక్కకి గడ్డ కట్టదనీ, గిల్లినవే కాయలనీ, అవి బడాదినం చుట్టాల కోసమనీ.

తవిటమ్మ లేచి వెళ్లి గంప ముందుకి లాక్కుంది. అప్పటికి గంపలో అడుగున పిడికెడు మిగిలాయి.

మేమ్‌సాబ్ వచ్చింది. చుట్టాలు ఇంట్లో టీ తాగుతుండగా మడి చూడటానికి వెళ్లి, బోడి కాడల ముందు నిలబడిపోయింది. అప్పటికే వంటవాడు చెప్పవలసింది చెప్పాడు. తవిటమ్మ గంప నింపుకోవడం తను కళ్లారా చూశాడట, మర్నాడు కాదు మూడోనాడు సాక్చీ కూడా వెళ్లిందట, అమ్ముకుని ఉంటుందట. మొగుడూ పెళ్లాల్ని వరండా మెట్ల దగ్గరికి పిలిపించారు.

మేమ్‌సాబ్ చెడ్డ మనిషి కాదని తవిటమ్మ ఎప్పుడూ అంటుంది. నేనూ ఒప్పుకుంటాను. మంచివాళ్లకి క్షమించడం మహా ఇష్టం. అయితే క్షమించడానికి ఎదటివాడి తప్పు కావాలి, అది వాళ్లకి అర్థమయ్యే తప్పు కావాలి. దొంగతనం అర్థమవుతుంది. పొగాకు పిలకల సంగతి అర్థం కాదు. తవిటమ్మ వచ్చీరాని హిందీలో ఆ సంగతి చెప్పబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"కహానీ మత్ బనావో. సచ్ బోలో, చోరీ కియా నా? సచ్ బోలోగీ తో మాఫ్ కర్ దూంగీ."

కట్టుకథలొద్దు, దొంగతనం ఒప్పుకుంటే క్షమిస్తానని. అంటే పని ఉంటుంది, గది ఉంటుంది, గౌరి బడి ఉంటుంది. తవిటమ్మ ఆ ఒక్క క్షణంలో అదంతా ఆలోచించుకుంది. దొంగ అనిపించుకుంటే ఒంటికేమన్నా బొబ్బలెక్కుతాయా? రేపు పొద్దున పొయ్యి రాజేయడానికి ఒక మూల ఉంటే చాలు. పోట్లాడే ఓపిక ఆవిడకి లేదు.

"హాఁ మేమ్‌సాబ్," అంది తల దించుకుని. "చోరీ కియా."

మేమ్‌సాబ్ ముఖం మెత్తబడింది. అంతటితో అయిపోయేదే. సరే వెళ్లండి అనబోతోంది. అప్పుడు అసిరయ్య నోరు తెరిచాడు. జ్వరానికి కాళ్లు వణుకుతుంటే మెట్టు పక్క స్తంభం పట్టుకుని ఉన్నాడు.

"జూట్ బోల్తీ హై," అన్నాడు.

అబద్ధం చెబుతోందని. తవిటమ్మ తల తిప్పి మొగుడి వంక చూసింది.

"చోరీ నై కియా, మేమ్‌సాబ్. ఉస్కో మాలుమ్ నై. హమ్ బోలా నై. హమ్ భీ ఖాయా." దొంగతనం కాదు, దానికి తెలీదు, నేను చెప్పలేదు, నేనూ తిన్నాను.

మేమ్‌సాబ్ ఎర్రబడింది. లోపల చుట్టాలు వింటున్నారు. పెళ్లాం ఒకటంటుంది, మొగుడు ఒకటంటాడు, ఇద్దరూ కలిసి తనని ఆట పట్టిస్తున్నారా? ఇంతకీ తప్పు ఎవరిదంటారు, తనదా? తవిటమ్మ మొగుడి చొక్కా పట్టుకు లాగింది. ఊరుకోమంది, కాళ్లు పట్టుకుంటానంది. అతను ఊరుకోలేదు. చోరీ నై కియా అని మళ్లీ అన్నాడు. గది ఖాళీ చేయమని చెప్పి మేమ్‌సాబ్ లోపలికి వెళ్లిపోయింది.

కొత్త సంవత్సరం రాకముందే వాళ్లు ఖర్కయీ నది దాటారు. ఆదిత్యపూర్‌లో ఒక రేకుల వాటా దొరికింది, ఆ పక్కనే గమ్హరియా షెడ్డులో ఇనుము మోసే పని దొరికింది. నూకాలమ్మని, గౌరిని రిక్షాలో ముందు పంపించి, సామాను నెత్తిన పెట్టుకుని మొగుడూ పెళ్లాలు నడిచారు. తవిటమ్మ దారి పొడుగునా తిట్టింది. బతుకు నేర్వనివాడన్నది, నా నోటి కాడ కూడు కాలితో తన్నావన్నది, నీ జొరం నాకైనా రాలేదే అన్నది. వంతెన నడిమికి వచ్చేసరికి ఊపిరాడక ఆగింది.

"అంతా సర్దుకునీదే గదా! ఒక్క మాట. నోరు మూసుకోనేకపోనావేటి?"

అసిరయ్య కూడా ఆగాడు.

"మూసుకునే ఉన్నాను గదే ఇన్నాల్లూ," అన్నాడు. "మూసుకోబట్టే గదా నీకు ఆ మొక్కేటో తెల్నేదు. నా తప్పుకి నువ్వు దొంగవైతే నాను సూడనేను."

తవిటమ్మ సామాను గంప దించి, వంతెన పిట్టగోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. లారీలు పోతుంటే దుమ్ము మీద పడుతోంది. అతను తన మూట దించి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏదో అనాలని రెండు మూడు సార్లు నోరు తెరిచి, చివరికి అన్నాడు.

"అలిసిపోనావేటే?"

కొళాయి దగ్గర ఈ మాట చెప్పిన రోజున తవిటమ్మకి కునుకు రాలేదు.

"పెల్లయిన కాడ్నించి ఆ మాట కోసమే ఎదురుసూసినాను సెల్లీ. అది అడగడానికి ఆడికి గది పోవాల్సొచ్చినాది," అంది. "అలిసిపోనాను మావా, అన్నాను. రోడ్డు మీద అందరూ సూత్తన్నా ఆగనేకపోనాను. మొకం కడుక్కోడానికి నీల్లు కూడా నేవక్కడ, ఐనా ఏడిసినాను."